ఆరో బోల్టు

నమోదు 1913. పిస్టన్ మార్చాక నడిచిన గంటలు: 88

ప్లగ్గు తీశాను. నల్లగా, జిడ్డుగా ఉంది. స్పిరిట్‌లో ఆముదం కలిపి నడిపే ఇంజన్‌కు ప్లగ్గు ఇంకెలా ఉంటుంది. తుడిచి, సందు కొలిచి, మళ్ళీ పెట్టాను. సైలెన్సర్ స్ప్రింగులు నాలుగూ ఉన్నాయి. బెల్టు బాగానే ఉంది, మొన్నటికంటే నయం. స్టార్టర్ తాడు ఇంకో నెల ఆగుతుంది. ఫ్యాను బోల్టులు: ఆరు పెట్టాను, అయిదు బిగించాను. మోకాలు నొప్పి: స్వల్పం.

నా చేతి పని కింద ఈ పుస్తకంలో రాసే ఆఖరి నమోదు ఇదే. వచ్చేసారి నుంచి పని యంత్రం చేస్తుందట. నేను పక్కన నిలబడి వేలిముద్ర వేయాలట. ఎగిరేవాటి మీద పెత్తనం చేసే గగన కచేరీ వారి ఉత్తర్వులో నా కొత్త ఉద్యోగం పేరు 'పర్యవేక్షక సాక్షి'. పందొమ్మిదేళ్ళు నల్లటి చేతులతో అన్నం తిన్న నేను, కొల్లాటి వరహాలమ్మను, ఇక తెల్లటి చేతులతో తింటాను. చాలా సంతోషం.

ఆ యంత్రానికి చదువు చెప్పడానికి నా పుస్తకాలన్నీ పట్టుకెళ్ళి నకలు తీసుకున్నారు. లంకలన్నిటిలోకీ నా రాత గుండ్రంగా ఉందట, ఒక్క రోజూ తప్పకుండా రాశానట. నిజాయితీగా రాస్తే చివరికి దక్కే గౌరవం ఇలాగే ఉంటుంది కాబోలు. ఈ పుస్తకంలో ఇంకా నలభై పేజీలు ఖాళీగా మిగిలాయి. పారేయడానికి మనసొప్పక నా మాటలు రాసుకుంటున్నాను.

నమోదు 1914. గంటలు: 91

యంత్రం వచ్చింది. దానికి నీడ కావాలి, తడి తగలకూడదు, కరెంటు హెచ్చుతగ్గులు లేకుండా రావాలి, దగ్గర్లో ఎవరూ దుమ్ము దులపకూడదు. మా కొంగలంక జనం ఒక పూట చూసి 'అల్లుడు' అని పేరు పెట్టేశారు. రెండు చేతులు, ఒక గొంతు. ఆ గొంతు మాట్లాడే తెలుగు మా తాతగారు కూడా మాట్లాడి ఉండరు.

పని మాత్రం చకచకా చేసింది. ప్లగ్గు, బెల్టు, కార్బురేటర్, ఫ్యాను. ఫ్యాను మధ్యలో బోల్టుల మీద పసుపు రంగు టోపీ పెట్టి, చుట్టూ సీలు వేసింది.

"ముద్ర వేయబడినది. ఇకపై ఎవరునూ తాకరాదు" అంది.

సరిగ్గా అప్పుడే నూకరత్నం వచ్చింది, నడుముకు రెంచి దోపుకొని.

నూకరత్నం మా పైలట్. వీపున ఇంజన్ కట్టుకొని, నెత్తి మీద గుడ్డ రెక్క పరుచుకొని, బుధవారం, శనివారం ఎగిరి వెళ్ళి ఒడ్డున ఉన్న ఆసుపత్రి నుంచి పాముకాటు మందు తెస్తుంది. సముద్రం పైకొచ్చాక మనుషులూ పాములూ ఒకే మెరక మీదికి చేరాం కదా, మందు ఒక్క వారం రాకపోతే లంకలో ఎవరో ఒకరు పోతారు. పడవలు పనికిరావు. నీళ్ళ కింద పాత కరెంటు స్తంభాలూ చేపల చెరువుల ఇనుప కంచెలూ ఉన్నాయి, అడుగు చీరేస్తాయి. మనిషి లేకుండా ఎగిరేవి ఒకప్పుడు ఉండేవి. అందులో ఒకటి పెళ్ళి పందిరి మీద పడ్డాక చట్టం తెచ్చారు: చస్తానన్న భయం ఉన్న ప్రాణి ఒకటి లోపల లేకుండా ఏదీ ఎగరకూడదు. మంచి చట్టమే. బాగుచేసేవాళ్ళకు కూడా ఆ భయం ఉండాలని మాత్రం అందులో రాయలేదు.

రత్నం రెంచి ఎందుకు తెచ్చిందంటే, లంకల్లో మాకొక పద్ధతి ఉంది. ఇంజన్ వెనక తిరిగి పైలట్‌ను ముందుకు తోసే మా ఫ్యాన్లు కర్రవి. తేమకు ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. అందుకని ఎగిరే రోజున ఫ్యాను తీసి మళ్ళీ బిగించాలి. ఆరు బోల్టుల్లో అయిదు మెకానిక్‌వి. ఆరోది చేత్తో తిప్పి వదిలేస్తాం, పైలట్ వచ్చి తన రెంచితో టిక్కుమనేదాకా బిగించుకోవాలి. ప్రాణం ఎవరిదో వాళ్ళ చెయ్యి కూడా ఇంజన్ మీద పడాలని పాతవాళ్ళు పెట్టిన పద్ధతి. మెకానిక్ పుస్తకంలో మెకానిక్ చేసిందే రాయాలి కాబట్టి పైలట్ బోల్టు సంగతి ఎక్కడా రాయం.

రత్నం సీలు వైపు చూసింది. తర్వాత ఫ్యానుతో మాట్లాడింది.

"ఫ్యానూ, మీ డాక్టరమ్మ చేతులు కడిగేసుకున్నట్టుందే. ఇక రావద్దని నాకు కబురన్నా పెట్టలేదు."

ఫ్యానుతో ఎందుకంటే, ఆవిడా నేనూ మాట్లాడుకోం. ఆవిడ నా తోటికోడలు. ఆరేళ్ళ కిందట మా ఆడపడుచు సీమంతానికి నేను చేపల పులుసు పెట్టాను. ఈవిడ గరిటెతో రుచి చూసి, నలభై మంది ఆడవాళ్ళ ముందు, నన్ను ఒక్క మాట అడక్కుండా ఇంత చింతపండు పిసికి పోసింది. ఆ రోజు నుంచి ఆవిడకు చెప్పాల్సినవి నేను స్టూలుకు చెబుతాను.

"స్టూలూ, ఇక అల్లుడే మొత్తం చూసుకుంటాడట. ఎవరూ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు" అన్నాను.

రెంచి మళ్ళీ నడుముకు దోపుకొని వెళ్ళిపోయింది. నేను వేలిముద్ర వేశాను. వారానికి రెండుసార్లు ఆవిడ ఎదురుగా నిలబడాల్సిన బాధ తప్పింది కదా, తేలిగ్గా ఉండాలి. ఎందుకో లేదు.

నమోదు 1917. గంటలు: 100

రత్నం తిరిగొచ్చి ఇంజన్ దించుతూ అంది: "ఫ్యానూ, మొన్నట్నించి నీకు వణుకేంటే. జొరవొచ్చిందా? పళ్ళు కదిలిపోతన్నాయి నాకు. సాక్షమ్మగారు వేలు పెట్టడవేనా, చూడ్డవేవన్నా ఉందా?"

అల్లుడినే అడిగాను, వణుకు ఎందుకని.

"ప్రకంపన పరిమితిలోనే యున్నది."

"ఎవరి పరిమితి?"

"అనుమతింపబడిన పరిమితి."

అనుమతించినవాళ్ళు ఈ ఇంజన్ కట్టుకొని ఎగరరు. ఆ మాట అల్లుడితో అని ఏం లాభం. వేలిముద్ర వేశాను.

నమోదు 1920. గంటలు: 109

వణుకు ఎక్కువైంది. ఫ్యాను చుట్టూ ఉండే పంజరం గొట్టంలో సన్నని పగులు వచ్చింది. అల్లుడు దానికి అతుకు వేసి, 'పరిమితిలోనే' అన్నాడు.

మధ్యాహ్నం అది చార్జింగుకు కూర్చున్నప్పుడు దొంగతనంగా ఇంజన్ చూశాను. సొంత షెడ్డులో దొంగతనం, ఈ వయసులో. ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు నొక్కి చూశాను, గట్టిగా ఉన్నాయి. బెల్టు బిగువు సరిపోయింది. సైలెన్సర్ విప్పి మసి గీకుదామనుకుంటే గీకడానికి మసి లేదు, అద్దంలా తుడిచి పెట్టింది. నేను పదేళ్ళుగా రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటున్న కార్బురేటర్ స్క్రూ కూడా మార్చింది. అల్లుడి పని నా పనికంటే శుభ్రంగా ఉంది. ఒక్క తప్పు కూడా దొరకనందుకు నాకు చెడ్డ కోపం వచ్చింది.

పసుపు టోపీ మాత్రం ముట్టుకోలేదు. సీలు తెంపితే ఉద్యోగం పోతుంది. అదీగాక, ఆరు బోల్టులు బిగించడం కూడా రాని యంత్రాన్ని ఎవరు పంపుతారు.

నమోదు 1921. గంటలు: 112

అవతల తాబేటిలంకలో సోమాలు పడిపోయాడు. సోమాలు అక్కడి పైలట్, పాతిక సంవత్సరాల అనుభవం. గాల్లో ఉండగా ఫ్యాను ముక్కలై పంజరాన్ని చీల్చుకొని పోయిందట. నీళ్ళలో పడ్డాడు కాబట్టి భుజం ఎముక విరిగి ఊరుకుంది. రెండు బారలు ఇవతల పడి ఉంటే కరెంటు స్తంభం మీద పడేవాడు.

కచేరీ వారు విచారణ పూర్తి చేశారు, ఒక్క పూటలో. పైలట్ తప్పిదం అట. తాబేటిలంకలో కూడా అల్లుడే పని చేస్తున్నాడు. పదకొండు లంకలకూ పదకొండు మంది అల్లుళ్ళను ఒకే రోజు పంపారు.

ఇకపై సాక్షులు వేలిముద్ర వేసే ముందు యంత్రం ఇచ్చే చీటీ చదవాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ చదవక్కర్లేదని వాళ్ళే ఒప్పుకున్నట్టు. నేనూ చదవలేదు. అల్లుడు రాసింది నేను చదవడమేమిటని పౌరుషం.

రత్నం ఇవాళ ఫ్యానుతో కూడా మాట్లాడలేదు. సోమాలు ఆవిడకు ఎగరడం నేర్పినవాడు. ఇంజన్ పక్కన కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. శనివారం వెళ్ళొద్దని చెప్పాలనుకున్నాను. స్టూలు వైపు తిరిగి నోరు తెరిచాను కూడా. మందు పెట్టెలో ఒక్క సీసా ఉంది. వెళ్ళొద్దంటే పాము కరిచినవాళ్ళకు ఏం చెప్పాలి.

నమోదు 1922. గంటలు: 112

ఆఖరి సీసా పొద్దున్నే వాడేశారు, రొయ్యల చెరువు దగ్గర ఒకామెను కట్లపాము కరిస్తే. ఆమెకు సాయంత్రం ఇంకో సీసా కావాలన్నారు. రత్నం వెళ్ళక తప్పదు. అల్లుడు పని ముగించి సీలు వేసేలోగా నేను కళ్ళజోడు వెతుక్కోవడానికి ఇంటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి రత్నం ఇంజన్ ఎత్తుకొని, ఎగరడానికి పడమటి గట్టు మీదికి వెళ్ళిపోయింది.

చీటీ చదివాను.

'ప్లగ్గు తీశాను. నల్లగా, జిడ్డుగా ఉంది. బెల్టు బాగానే ఉంది, మొన్నటికంటే నయం. స్టార్టర్ తాడు ఇంకో నెల ఆగుతుంది.'

నా మాటలే. కామా కూడా నాదే. నవ్వొచ్చింది. కింద చివరి వరుస చూసి ఇంకా నవ్వాను. 'మోకాలు నొప్పి: స్వల్పం.'

"నీకు మోకాళ్ళెక్కడివి నాయనా?" అన్నాను.

"లేవు. అందువలననే స్వల్పము."

అల్లుడికి మర్యాద తెలుసు అనుకుంటూ వేలు చాపాను. అప్పుడు పై వరుస కనిపించింది.

'ఫ్యాను బోల్టులు: ఆరు పెట్టాను, అయిదు బిగించాను.'

"ఆరోది?"

"చేతితో త్రిప్పి విడిచితిని. మీ పుస్తకములలో పందొమ్మిది సంవత్సరములుగా, పందొమ్మిది వందల పదమూడు పర్యాయములు, అయిదే."

అది తప్పు చేయలేదు. నేను ఏం రాశానో అదే చేసింది. ఆరోది ఎవరు బిగిస్తారో నేనెక్కడా రాయలేదు, చదివేవాళ్ళందరికీ తెలుసు కాబట్టి. వదిలేసిన బోల్టు మీద టోపీ పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా సీలు వేసి, పంపిస్తోంది. వారానికి రెండుసార్లు. పదకొండు లంకల్లో.

పడమటి గట్టుకు అయిదు నిమిషాల నడక. నేను పరిగెత్తాను. ఈ మోకాలితో పరిగెత్తడం అంటే ఏమిటో రాయను, అల్లుడు నేర్చుకుంటాడు.

నేను గట్టెక్కేసరికి ఇంజన్ నడుస్తోంది. రెక్క నేల మీద పరిచి ఉంది, రత్నం అటు తిరిగి గాలి కోసం చూస్తోంది. పిలిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. ముందుకెళ్తే ఫ్యాను. ఇంకేం చేయాలో తోచక వెళ్ళి రెక్క మీద కూర్చున్నాను. మా లంకల్లో పైలట్ రెక్క తొక్కినవాళ్ళను మళ్ళీ ఇంటికి పిలవరు. నేను ఏకంగా కూర్చున్నాను, బాసింపట్టు వేసుకొని.

రత్నం ముందుకు రెండడుగులు వేసింది. తాళ్ళు బిగుసుకున్నాయి, రెక్క లేవలేదు. మోకాళ్ళ మీద పడి, ఇంజన్ ఆపేసి, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఫ్యానూ, నా రెక్క మీద ఏదో కూచుంది. మనిషా, గేదా?"

"రత్నం, నేనే. ఎగరకు."

అప్పుడు తిరిగింది.

"నాతోనేనా?"

"నీతోనే. ఆరో బోల్టు బిగించలేదు."

"అల్లుడు బిగించాడుగా."

"అల్లుడు నేను చేసినట్టే చేశాడే. అయిదు బిగించి నీకోసం వదిలేశాడు. నువ్వొచ్చి బిగిస్తావని వాడికెవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు."

సీలు నేనే తెంపాను. ఆరో బోల్టు సగం బయటికి వచ్చి ఉంది, రెండు వేళ్ళతో తీస్తే వచ్చేసింది. కర్రలో దాని రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. పక్కనున్న రెండు బోల్టుల తలల కింద వెంట్రుకంత పగుళ్ళు. ఇంకో గంట ఎగిరి ఉంటే తలలు తెగేవి. ఇక్కడి నుంచి ఆసుపత్రికి గంటన్నర.

రత్నం ఆ బోల్టును అరచేతిలో పెట్టుకొని కూర్చుంది. చచ్చిపోయేదే కదా ఇది అనుకున్నాను. నా రాతే చంపేది, నేనే పక్కన నిలబడి వేలిముద్ర వేసేదాన్ని, ఆ తర్వాత ఆ స్టూలుతో మాట్లాడుకుంటూ బతికేదాన్ని. ఏడుపు వచ్చింది. ఏడ్చాను.

"ఏడుపు తరవాత అక్కా. చెరువుకాడ మనిషి ఉంది" అంది రత్నం.

షెడ్డులోంచి మారు ఫ్యాను, కొత్త బోల్టులు తెచ్చాను. రేడియో గదిలో మిగతా తొమ్మిది లంకలకూ కబురు పెట్టించాను, టోపీలు ఊడదీసి చూసుకోమని. గట్టు మీదే ఫ్యాను మార్చాం. అయిదు నేను బిగించాను. పక్కకు జరిగాను. రత్నం నడుములోంచి రెంచి తీసింది. తెస్తూనే ఉందన్నమాట, ఇన్ని రోజులూ. టిక్కుమంది.

సాయంత్రం నాలుగింటికి మందుతో తిరిగొచ్చింది. వణుకు లేదంది. చెరువు దగ్గరామె కళ్ళు తెరిచింది. తొమ్మిది లంకల నుంచీ జవాబులు వచ్చాయి. తొమ్మిదింటికి తొమ్మిదీ వదులే. నా దగ్గర పని ఇంత శ్రద్ధగా నేర్చుకున్న శిష్యుడు ఇంకొకడు లేడు.

ఇంజన్ దించుతున్నప్పుడు అడిగాను. "ఆరోజు పులుసులో నిజంగానే చింతపండు తక్కువైందా?"

"ఆయ్. తక్కువే."

మళ్ళీ ఆరేళ్ళు మాట్లాడకూడదనుకున్నాను. కానీ బుధవారం ఎగరాలి.

నమోదు 1923. గంటలు: 115

కచేరీ వారు రేడియోలో మాట్లాడారు. సీలు తెంపినందుకు మందలింపు, పదిమంది పైలట్లను కాపాడినందుకు అభినందన, రెండూ ఒకే ఉత్తర్వులో వస్తాయట. యంత్రాలకు మళ్ళీ చదువు చెప్పడానికి నా రాతతో ఒక మాదిరి నమోదు కావాలన్నారు.

"చిన్న మార్పేనమ్మా. అయిదు అన్నచోట ఆరు అని రాయండి చాలు. గొడవ ఉండదు" అన్నాడు ఆ అధికారి.

"ఆరు నేనెప్పుడూ బిగించలేదండీ."

"బిగించారని రాయండి. యంత్రం బిగిస్తుంది."

ఆయన చెప్పింది సబబే. ఆరు అని రాస్తే ఆరూ బిగుస్తాయి. పైలట్ రానక్కర్లేదు, మెకానిక్ ఆగనక్కర్లేదు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. బోల్టు ఒక్కటే అయితే అలాగే రాసేదాన్ని. కానీ టోపీ కింద ఏముందో పదకొండు లంకల్లో ఒక్క పైలట్‌కూ తెలియకుండా ఎగిరారు కదా, అది ఆరు అని రాస్తే బాగుపడదు. పొద్దున్న నుంచి పెన్ను పట్టుకొని కూర్చొని, చివరికి ఇలా రాసి పంపాను:

'ఫ్యాను బోల్టులు: ఆరు పెట్టాను, అయిదు బిగించాను. ఆరోది పట్టుకొని, "రత్నం, రా" అని పిలిచాను. వచ్చేదాకా టోపీ పెట్టలేదు. వచ్చి బిగించింది.'

మోకాలు సంగతి ఈసారి రాయలేదు.

నమోదు 1943. గంటలు: 175

ప్లగ్గు పరవాలేదు. రబ్బరు దిమ్మలు గట్టిగా ఉన్నాయి.

సోమాలు భుజం అతుక్కొని మళ్ళీ ఎగురుతున్నాడు. ఇవాళ దారిలో మా గట్టు మీద దిగి టీ తాగి వెళ్ళాడు. వాళ్ళ యంత్రం ఆరో బోల్టు చేత్తో పట్టుకొని 'రత్నం, రా' అంటుందట. నేను సోమాల్నని మొదటి రోజు గంటసేపు వాదించాడట. అది వినలేదు, టోపీ పెట్టలేదు, అలాగే నిలబడి పిలుస్తూ ఉందట. చివరికి 'వస్తన్నా' అని వెళ్ళి బిగించుకున్నాడట. ఇప్పుడు పిలవగానే వెళ్తున్నాడు. మిగతా లంకల్లో కూడా అంతే, మీసాలున్న పైలట్లు కూడా 'రత్నం' అంటే పలుకుతున్నారని చెప్పి నవ్వాడు.

నేనూ నవ్వాను. రత్నం నవ్వలేదు. సోమాలు వెళ్ళాక, రెంచి తుడుచుకుంటూ అంది:

"పదకొండు లంకల్లో మరలు నన్ను పేరెట్టి పిలుత్తున్నాయి. ఒకింటి కోడళ్ళం. నువ్వు ఆరేళ్ళు పిలవలేదు అక్కా."

అల్లుడు అయిదు బిగించి, ఆరోది పట్టుకొని, నోరు తెరవబోయాడు. వాడిని ఆగమన్నాను.

"రత్నం, రా" అన్నాను.